ఎరెష్కిగల్ ఇనన్నాని ఎందుకు చంపింది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్ ప్రాంతం) పురాణాల్లో చనిపోయినవాళ్ల లోకాన్ని ఏలే ఎరెష్కిగల్ మన యముడి లాంటి దేవతా, లేక సొంత చెల్లెలు ఇనన్నాని చంపి కొక్కేనికి వేలాడదీసిన దుర్మార్గురాలా? నెర్గల్ అనే దేవుడితో ఆమె పెళ్లి సంగతి, ఆమె ఏ పిల్లల కోసం ఏడుస్తోందన్నది కూడా అడిగారు. గేముల్లో, యూట్యూబ్ వీడియోల్లో ఆమెని ఎక్కువగా విలన్‌గానే చూపిస్తారు కాబట్టి ఈ అనుమానం రావడం సహజమే. నేను పదిహేనేళ్లకు పైగా ఈ కథలు రాసి ఉన్న మట్టిపలకల అనువాదాలు చదువుతున్నాను, మూలం అర్థం చేసుకోవడానికి అక్కడి పాత భాషలు అక్కాడియన్ కొంత, సుమేరియన్ ఇంకొంత కష్టపడి నేర్చుకున్నాను, అందుకని కాస్త పొడుగ్గానే రాస్తాను. సమాధానం మాత్రం ముందే చెప్పేస్తా. ఆమె దుర్మార్గురాలు కాదు, పూర్తిగా యముడి లాంటిదీ కాదు. ఆ కథల్లో దండెత్తి వచ్చింది చెల్లెలు, ఏడుస్తూ కనబడేది అక్క. ఆ పలకలు రాసినవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు, మనమే మర్చిపోయాం.

ముందు పేరు చూద్దాం. సుమేరియన్‌లో 'ఎరెష్' అంటే రాణి, 'కి' అంటే నేల, 'గల్' అంటే పెద్ద. పెద్ద నేలకి రాణి. ఆ 'పెద్ద నేల' చనిపోయినవాళ్లు చేరే చోటుకి వాళ్లు మర్యాదగా పెట్టుకున్న పేరు, మనం 'కాలం చేశారు' అన్నట్టు. అదే లోకాన్ని కుర్ అన్నారు, ఇర్కల్లా అన్నారు, కుర్నుగి అని కూడా అన్నారు. కుర్నుగి అంటే తిరిగిరాని దేశం. సౌకర్యం కోసం నేను పాతాళం అని రాస్తున్నాను గానీ మన పురాణాల్లో పాతాళం నాగుల మణులతో ధగధగలాడుతూ ఉంటుంది, వీళ్లది అలాంటిది కాదు. అక్కడ వెలుతురు లేదు. తలుపుల మీద, గడియల మీద దుమ్ము పేరుకుని ఉంటుంది, చనిపోయినవాళ్లకి పక్షుల్లా ఈకలే బట్టలు, తినడానికి మట్టి.

ఆ లోకాన్ని ఆమె ఎవరి దగ్గరా గుంజుకోలేదు. గిల్గమేష్ అనే రాజు, అతని తోడు ఎంకిడు, పాతాళం గురించిన ఒక సుమేరియన్ కావ్యం మొదట్లో సృష్టి ఆరంభాన్ని నాలుగు ముక్కల్లో చెబుతారు: ఆకాశం, నేల విడిపోయినప్పుడు ఆన్ అనే దేవుడు ఆకాశాన్ని తీసుకుపోయాడు, ఎన్లిల్ అనే దేవుడు నేలని తీసుకుపోయాడు, ఎరెష్కిగల్‌కి పాతాళం కానుకగా ఇచ్చారు. వాళ్లిద్దరూ తీసుకున్నారు, ఈమెకి మాత్రం ఇచ్చారు. ఆ వాక్యాన్ని తిరగేసి, ఆమెనే పాతాళానికి కానుకగా ఎత్తుకుపోయారని చదివిన పండితులు కూడా ఉన్నారు. ఎలా చదివినా ఆమె కోరుకుని వెళ్లిందన్న మాట ఎక్కడా లేదు.

ఇక యముడితో పోలిక. యముడికి చిత్రగుప్తుడు ఉన్నట్టు ఈమె ముందు బేలెత్-సేరి అనే లేఖకురాలు మోకాళ్ల మీద కూర్చుని పలక చదివి వినిపిస్తూ ఉంటుంది, గిల్గమేష్ కథలో ఎంకిడుకి చావు ముందు వచ్చిన కలలో ఈ దృశ్యం ఉంది. యమభటుల్లాంటి గల్లాలు ఉన్నారు, నమ్తార్ అనే మంత్రి ఉన్నాడు, ఆ పేరుకే విధి అని అర్థం. పోలిక ఇంతవరకే. పాపపుణ్యాలు తూచడం ఆమె పని కాదు, రాజైనా కూలివాడైనా వెళ్లేది ఆ దుమ్ములోకే, నరకం ఇటు స్వర్గం అటు అనే ఏర్పాటు లేదు. అక్కడ ఎవరి పరిస్థితి ఎలా ఉంటుందన్నది భూమ్మీద వాళ్ల కోసం నీళ్లు వదిలేవాళ్లు ఎంతమంది ఉన్నారన్న దాని మీద ఆధారపడుతుంది. దాన్ని అక్కాడియన్‌లో కిస్పు అంటారు, నెలాఖరున చంద్రుడు కనబడని రోజుల్లో పెద్దల పేర్లు తలుచుకుని అన్నపానీయాలు ఇవ్వడం. అమావాస్య తర్పణాలు చూసి పెరిగిన మనకి ఇది ఎవరూ వివరించక్కర్లేదు (రెండిటికీ చారిత్రకంగా సంబంధం ఉందని నేను అనడం లేదు, పొరపాటున అలా పోస్టులు పెట్టకండి). పైన చెప్పిన కావ్యంలోనే ఎంకిడు పాతాళం చూసొచ్చి చెబుతాడు: ఒక్క కొడుకు ఉన్నవాడు తన గోడకి కొట్టిన మేకు దగ్గర కూర్చుని ఏడుస్తున్నాడు, ఏడుగురు కొడుకులున్నవాడు చిన్న దేవతల మధ్య ఆసనం మీద కూర్చున్నాడు, వారసులే లేనివాడు కాల్చిన ఇటుక లాంటి రొట్టె నములుతున్నాడు.

ఇప్పుడు అసలు కథ, ఇనన్నా పాతాళానికి దిగడం. సుమేరియన్ కావ్యం సుమారు 400 పంక్తులు, మనకి దొరికిన ప్రతులు ఎక్కువగా క్రీ.పూ. 1800-1700 మధ్య బడిపిల్లలు రాసుకున్నవి, నిప్పుర్, ఉర్ లాంటి ఊళ్లలో బయటపడ్డాయి. స్వర్గానికి రాణి అయిన ఇనన్నా పైలోకం చాలక కిందిలోకం మీద మనసు పెట్టింది. ఊరూరా ఉన్న తన గుళ్లన్నీ వదిలేసింది. తలపాగా, మెడలో నీలిరాళ్ల హారం, చేతికి బంగారు ఉంగరం, రాజవస్త్రం, ఎదమీద ఆభరణం, చేతిలో కొలతకర్ర, కొలతతాడు, అన్నీ ధరించి బయల్దేరింది. కంటికి కాటుక కూడా పెట్టుకుంది, ఆ కాటుకకి ఒక పేరుంది: 'రానీ, ఆ మగవాణ్ని రానీ'.

ఈ అలంకారంతో పాతాళపు ద్వారం దగ్గరికొచ్చి తలుపు దబదబా బాది, ఎందుకొచ్చావని ద్వారపాలకుడు నేతి అడిగితే, మా అక్క ఎరెష్కిగల్ భర్త గుగలన్నా చనిపోయాడు కదా, ఆ కర్మకాండ చూడ్డానికి వచ్చాను అంది. ఒక్క నిమిషం ఆగి మన ఇళ్లల్లో ఊహించుకోండి. అక్కకి మొగుడు పోయాడు, చెల్లెలు నగలన్నీ దిగేసుకుని, అలాంటి పేరున్న కాటుక పెట్టుకుని పరామర్శకి దిగింది. వీధి గుమ్మంలోనే ఎవరికైనా విషయం అర్థమైపోతుంది. ఎరెష్కిగల్‌కీ అర్థమైంది. నేతి వచ్చి చెల్లెలి అలంకారం ఒక్కొక్కటీ వర్ణిస్తుంటే విని, తొడ మీద చరుచుకుని, పెదవి కొరుక్కుని, ఏడు తలుపులకీ గడియలు వెయ్యి, ఒక్కొక్కటే తెరువు అని చెప్పింది. (గుగలన్నా అంటే గిల్గమేష్ చంపిన స్వర్గపు ఎద్దేనని, భర్తని చంపించినందుకు అక్క పగ తీర్చుకుందని ఇంటర్నెట్‌లో ఒక కథ బాగా తిరుగుతోంది. ఈ కావ్యంలో ఆ ముడి లేదు. ఆ పేరుని కాలువల అధికారి అని చదివేవాళ్లూ ఉన్నారు.)

మొదటి తలుపు దగ్గర తలపాగా తీసేశారు. ఇదేమిటి అని ఇనన్నా అడిగితే, 'ఊరుకో ఇనన్నా, పాతాళపు నియమం ఒకటి నెరవేరింది, పాతాళపు ఆచారాల మీద నోరెత్తకు' అన్నారు. రెండో తలుపు దగ్గర హారం. మళ్లీ అదే ప్రశ్న, అదే జవాబు. ఏడుసార్లు ఒక్క ముక్క మారకుండా అదే. చివరికి ఒంటి మీద ఏమీ లేకుండా, వంగిపోయి లోపలికి వెళ్లింది.

చాలామంది ఇక్కడి నుంచి నేరుగా చంపడం దగ్గరికి దూకేస్తారు, మధ్యలో ఒక వాక్యం వదిలేస్తారు. ఆ వాక్యం ఏమిటంటే, ఇనన్నా తన అక్కని సింహాసనం మీద నుంచి లేపేసింది, లేపి తను కూర్చుంది. మీ ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది. ఆ స్థితిలో కూడా పరామర్శకి వచ్చిన మనిషి చేసిన మొదటి పని కుర్చీ లాక్కోవడం! అప్పుడు అనున్నాలు, అంటే ఏడుగురు న్యాయమూర్తులు, ఆమెకి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చారు. ఆమెని చావు చూపు చూశారు, కోపంతో మాట్లాడారు, నేరం మోపుతూ అరిచారు, ఆమె శవమైంది, ఆ శవాన్ని కొక్కేనికి తగిలించారు. దీన్ని అక్కాచెల్లెళ్ల ఈర్ష్యగా చెప్పడం నాకు నిజంగా బాధేస్తుంది, ఇది సింహాసనం మీద దాడి, దానికి విచారణ, శిక్ష. పైలోకపు దేవుళ్లు కూడా అలాగే అనుకున్నారు. మూడు పగళ్లు మూడు రాత్రులు గడిచాక ఇనన్నా నమ్మకస్తురాలు నిన్‌షుబుర్ వెళ్లి మొరపెట్టుకుంటే ఎన్లిల్ కాదన్నాడు, చంద్రదేవుడు నన్నా కాదన్నాడు: పై స్వర్గమూ కావాలి, కింది లోకమూ కావాలి అంది, అక్కడికి వెళ్లినవాళ్లు ఎవరు తిరిగొచ్చారని.

తెలివికి దేవుడైన ఎంకి ఒక్కడే జాలిపడ్డాడు. గోటి మట్టి తీసి కుర్గర్రా, గలతుర్ అనే ఇద్దర్ని చేశాడు, ప్రాణం పోసే మొక్క ఒకరికి, ప్రాణం పోసే నీళ్లు ఒకరికి ఇచ్చి, ఈగల్లా తలుపు సందుల్లోంచి దూరి వెళ్లమన్నాడు. అక్కడ ఏం కనబడుతుందో కూడా ముందే చెప్పాడు. ఈ భాగం నేను ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. పిల్లల్ని కన్న తల్లి ఎరెష్కిగల్, తన పిల్లల కోసం పడుకుని ఉంది. భుజాల మీద నార బట్ట కప్పలేదు. రొమ్ములు నిండిన కుండల్లా లేవు. గోళ్లు గునపాల్లా ఉన్నాయి, తల మీద జుట్టు ఉల్లికాడల కట్టలా ఉంది. ఆమె 'అయ్యో నా గుండె' అంటే వీళ్లిద్దరూ 'నీకు బాధగా ఉందమ్మా, అయ్యో నీ గుండె' అనాలి. 'అయ్యో నా కాలేజం' అంటే 'నీకు బాధగా ఉందమ్మా, అయ్యో నీ కాలేజం' అనాలి. మనకి కడుపు తరుక్కుపోయినట్టు వాళ్లకి దుఃఖం కాలేజంలో ఉంటుంది. అంతే, ఇంకేమీ చెయ్యక్కర్లేదు, ఓదార్చనక్కర్లేదు, సలహా ఇవ్వనక్కర్లేదు.

ఆ మాటలు వినగానే ఆమె ఆగి, మీరెవరు అని అడిగింది. దేవుళ్లయితే మీతో మాట్లాడతాను, మనుషులైతే మీకు మంచి విధి రాయిస్తాను అంది. నది నిండా నీళ్లు ఇస్తానంది, వద్దన్నారు. పొలం నిండా ధాన్యం ఇస్తానంది, వద్దన్నారు. కొక్కేనికున్న ఆ శవం ఇవ్వమన్నారు. అది మీ రాణి శవం అని ఆమెకి తెలుసు, ఆ మాట అనింది కూడా, అని ఇచ్చేసింది. తన సింహాసనం లాక్కున్న మనిషిని, తన బాధ పక్కన కూర్చుని విన్న ఇద్దరి కోసం వదిలేసింది. ఆమె దుర్మార్గురాలైతే కథ ఇక్కడ ఇలా నడవదు.

తర్వాత ఇనన్నా పైకొచ్చింది, కానీ ఊరికే రాలేదు, ఆమె బదులు ఒకర్ని పంపాలి, వెంట గల్లాలు కంచెకి కట్టిన రెల్లులా చుట్టూ అంటుకుని వచ్చారు. తన కోసం దుఃఖంలో ఉన్నవాళ్లని ఆమె ఇవ్వలేదు. భర్త దుముజి మాత్రం మంచి బట్టలు కట్టుకుని సింహాసనం మీద దర్జాగా కనబడ్డాడు, తీసుకుపొమ్మంది. చివరికి దుముజి ఏడాదిలో సగం, అతని చెల్లెలు గెష్టినన్నా సగం పాతాళంలో ఉండేట్టు ఏర్పాటైంది. కావ్యం చిట్టచివరి పంక్తి ఎవరి స్తుతితో ముగుస్తుందో గమనించండి: పవిత్రమైన ఎరెష్కిగల్, నీ స్తుతి మధురం. ఇనన్నా స్తుతితో కాదు.

ఈ ముగింపు మనకి తెలియడం కూడా పెద్ద కథే. నిప్పుర్‌లో 1889-1900 మధ్య తవ్వినప్పుడు దొరికిన పలకలు కొన్ని ఇస్తాంబుల్‌కి, కొన్ని ఫిలడెల్ఫియాకి పంచుకుపోయారు. ఈ కావ్యం ఉన్న ఒక పలక పగిలి, పైసగం ఇస్తాంబుల్ మ్యూజియంలో, కిందిసగం ఫిలడెల్ఫియాలో ఉండిపోయింది. రెండూ ఒకే పలక అని ఎడ్వర్డ్ కీరా అనే పండితుడు గుర్తుపట్టాడు, తర్వాత మరో పండితుడు శామ్యూల్ నోవా క్రేమర్ ఏళ్ల తరబడి కూర్చుని ముక్కలన్నీ కలిపి చదివాడు. అంతకుముందు పండితులంతా ఇనన్నా చనిపోయిన భర్తని తెచ్చుకోవడానికే పాతాళానికి దిగిందని నమ్మేవాళ్లు, సతీ సావిత్రి కథ లాగా. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం దగ్గరున్న ఒక పలకతో కలిపి 1951లో క్రేమర్ ముగింపు ప్రచురించాక అది పూర్తిగా తలకిందులైంది, ఆమే మొగుణ్ని అప్పగించింది. పాత వెర్షన్ ఇప్పటికీ కొన్ని పుస్తకాల్లో, వెబ్‌సైట్లలో కనబడుతుంది, జాగ్రత్త.

వెయ్యేళ్ల తర్వాత అక్కాడియన్‌లో ఇదే కథ మళ్లీ వచ్చింది, 140 పంక్తులకి కాస్త అటూ ఇటూ, ఒక ప్రతి నినెవేలో అస్సిరియా రాజు అషుర్‌బనిపాల్ గ్రంథాలయంలో దొరికింది. ఇందులో ఇష్టార్ (ఇనన్నాకి అక్కాడియన్ పేరు) పరామర్శ గొడవే లేకుండా తలుపు తియ్యకపోతే పగలగొడతా, చచ్చినవాళ్లని లేపి బతికున్నవాళ్లని తినిపిస్తా అని బెదిరిస్తుంది. ఎరెష్కిగల్ ముఖం నరికిన చెట్టులా పాలిపోయింది. అప్పుడు ఆమె తనలో తను అనుకునే మాటలు చూడండి. రొట్టె బదులు మట్టి తినేది నేను, బీరు బదులు బురదనీళ్లు తాగేది నేను. పెళ్లాల్ని వదిలి వచ్చిన కుర్రాళ్ల కోసం ఏడవనా? మొగుళ్ల ఒడిలోంచి లాక్కొచ్చిన ఆడపిల్లల కోసం ఏడవనా? నిండా రోజులు రాకుండానే పంపించేసిన పసిగుడ్డు కోసం ఏడవనా? యముడికి ఇలాంటి మాటలు ఎవరూ రాయలేదు, నేనైతే చదవలేదు. నిజమే, ఇదే ఎరెష్కిగల్ వెంటనే నమ్తార్‌ని పిలిచి 60 రోగాలు ఇష్టార్ మీదికి వదలమంటుంది. కోపం లేని మనిషి అని నేను చెప్పడం లేదు.

పెళ్లి సంగతి కూడా అడిగారు కదా, నెర్గల్‌తో. ఆ కథకి రెండు ముఖ్యమైన పాఠాలు, అంటే రెండు వేర్వేరు రూపాలు ఉన్నాయి. పాతది ఈజిప్టులో అమర్నాలో దొరికింది, క్రీ.పూ. 14వ శతాబ్దం, అక్కడివాళ్లు అక్కాడియన్ నేర్చుకోవడానికి వాడుకున్నది, పదాలు విడదీయడానికి ఎర్ర సిరా చుక్కలు కూడా పెట్టుకున్నారు. దేవుళ్లు విందు చేసుకుంటారు, ఈమె పైకి రాలేదు, వాళ్లు కిందికి పోలేరు, నీ వాటా పట్టుకెళ్లడానికి ఎవర్నైనా పంపమంటారు. నమ్తార్ వస్తే అందరూ లేచారు, నెర్గల్ లేవలేదు. ఆ అవమానానికి శిక్షించడానికి అతన్ని పిలిపిస్తే అతను 14 మంది అనుచరులతో వచ్చి ఆమె జుట్టు పట్టి సింహాసనం మీంచి లాగి తల నరకబోతాడు, ఆమె ఏడుస్తూ పెళ్లి చేసుకుంటాను, రాజ్యం ఇస్తాను అంటుంది, అతను ముద్దుపెట్టి కన్నీళ్లు తుడుస్తాడు. దీన్ని ప్రేమకథ అని పోస్టులు పెట్టేవాళ్లతో నేను ఒప్పుకోను.

టర్కీలోని సుల్తాన్‌తెపెలో దొరికిన క్రీ.పూ. 7వ శతాబ్దపు పాఠం వేరుగా ఉంటుంది, అది చాలా గొప్పది. అక్కడ ఇద్దరూ ఆరు రోజులు కలిసి గడుపుతారు, ఏడో రోజు అతను చెప్పకుండా వెళ్లిపోతాడు. ఆమె చెంపల మీద నీళ్లు కారుతుండగా నమ్తార్‌ని ఆకాశపు పొడుగాటి మెట్లెక్కించి ఒక కబురు పంపుతుంది: చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచీ తోటి ఆడపిల్లల ఆటలు నాకు తెలియవు, పిల్లల గంతులు నాకు తెలియవు, అతన్ని పంపండి. పంపకపోతే చచ్చినవాళ్లని లేపుతా అని బెదిరింపు కూడా ఉంది. కానీ నా మనసు ఎప్పుడూ ఆ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతుంది. పాతాళం కానుకగా ఇచ్చినప్పుడు ఆమె వయసెంతో ఈ వాక్యం చెప్పకనే చెబుతోంది.

బొమ్మ గురించి. గూగుల్‌లో ఎరెష్కిగల్ అని కొడితే రెక్కలతో, గద్దకాళ్లతో, రెండు సింహాల మీద నిలబడి, పక్కన గుడ్లగూబలున్న స్త్రీ బొమ్మ వస్తుంది. అది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, 2003లో 15 లక్షల పౌండ్లు పెట్టి కొన్నారు, కాల్చిన మట్టిపలక, ఎత్తు 50 సెంటీమీటర్ల లోపే. ఒకప్పుడు ఒంటికి ఎర్ర రంగు, వెనక నల్ల రంగు ఉండేవి. ఎక్కడ తవ్వి తీశారో నమోదు లేదు, పేరు చెక్కి లేదు. ఇష్టార్ అంటారు కొందరు, ఎరెష్కిగల్ అంటారు కొందరు, వెనకటికి యూదుల కథల్లోని ఆడదెయ్యం లిలిత్ అన్నారు. రెక్కలు కిందికి వాలి ఉండటం, గుడ్లగూబలు, నల్లటి నేపథ్యం చూస్తే నాకు ఎరెష్కిగల్ వైపే మొగ్గు, అయితే అది నా అభిప్రాయం వరకే, కింద పేరు రాసి షేర్ చెయ్యడానికి చాలదు. ఆమెకి గుళ్లు కూడా చాలా అరుదు. ఉమ్మా అనే సుమేరియన్ నగరపు పాలకుడు లూ-ఉతు కట్టించిన ఒక గుడి శాసనంలో ఆమెని సూర్యుడు అస్తమించే చోటి రాణి అన్నారు. పేరు మాత్రం చాలాకాలం బతికింది, క్రీస్తు తర్వాత ఈజిప్టులో గ్రీకులో రాసుకున్న మంత్రాల పత్రాల్లో గ్రీకు దేవత హెకటే పక్కన ఎరెష్కిగల్ అని కనబడుతుంది.

చివరిగా, ఆమె ఏ పిల్లల కోసం ఏడుస్తోంది అని అడిగారు. నినాజు అనే కొడుకు పేరు తెలుసు, కానీ కావ్యం 'తన పిల్లల కోసం' అని మాత్రం అని వదిలేస్తుంది. అక్కాడియన్ పాఠంలో పసిగుడ్డు మాట పక్కన పెట్టుకుని చదివితే ఆమె దగ్గరికి చేరిన పిల్లలందరూ అనే నాకు అనిపిస్తుంది. ఎంకిడు పాతాళం చూసొచ్చినప్పుడు గిల్గమేష్ అడిగే ప్రశ్నల్లో ఇది కూడా ఉంది: లోకం ఎరగకుండానే పోయిన నా చిన్నారుల్ని చూశావా? చూశాను, అంటాడు ఎంకిడు. బంగారం, వెండి బల్ల దగ్గర, తేనె, నెయ్యి పెట్టుకుని ఆడుకుంటున్నారు.